గజ్జి కాదు... గడ్డ!

ఆళ్లగడ్డలో రోడ్డు వారన శిల్పాల షెడ్లు ఉంటాయి. వాటి ముందు సగం చెక్కిన వినాయకులు, నందులు, గరుత్మంతులు. రాళ్లకు కాపలాగా ఏదో ఒక కుక్క. అలాంటి ఒక షెడ్డు ముందు పదేళ్ల జర్మన్ షెపర్డ్ మగకుక్క ఉందనుకుందాం. పేరు టైగర్. మన ఊళ్లలో సగం కుక్కల పేరు అదే కదా!

ఆరు నెలలుగా టైగర్‌కు బొచ్చు ఊడిపోతోంది. మెడ దగ్గర మొదలై డొక్కలకు, తోక మొదటికి పాకింది. కుడి పక్క ఎంత ఊడిందో ఎడమ పక్కా అంతే ఊడింది, కొలిచి గీసినట్టు. తలమీద, కాళ్లమీద మాత్రం వెంట్రుకలు అలాగే ఉన్నాయి. గోక్కోవడం లేదు. మందుల షాపులో అడిగి గజ్జి మందు పూశారు. వేపాకు నూరి పట్టించారు. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లూ పడ్డాయి. ఊహూ, తగ్గలేదు. దానికి తోడు ఈ మధ్య వీధిలోని మగకుక్కలు టైగర్ వెంట పడుతున్నాయి. పిల్లలు అది చూసి ఒకటే నవ్వు. పెద్దాయన మాత్రం నవ్వలేకపోతున్నాడు. ఆ పొద్దున టైగర్ ముక్కులోంచి రక్తం కారింది మరి.

టైగర్ కల్పితమే. కానీ దాని లక్షణాల్లో ఒక్కటి కూడా కల్పన కాదు. ఇలాంటి కుక్కను నంద్యాలలో పశువైద్యుడి బల్లమీద ఎక్కిస్తే, ఆయన చర్మం చూడకముందే వెనక కాళ్ల మధ్య చెయ్యి పెట్టి చూస్తాడు.

"ఒకటే బీజం ఉందేంది పెద్దాయనా?"

"చిన్నప్పటి నుంచీ అంతే సార్. ఇంకోటి ఎప్పుడో దిగుతాదిలే అనుకున్యాం."

అసలు కథ అక్కడే ఉంది. దిగని ఆ రెండో వృషణం పదేళ్లుగా పొట్టలోనే ఉండిపోయింది. అది ఇప్పుడు గడ్డయింది. బొచ్చు ఊడటానికీ, మగకుక్కలు వెంట పడటానికీ, ముక్కులో రక్తానికీ కారణం ఆ గడ్డే.

వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. "రక్తం తీసి క్యాన్సరో కాదో చెప్పలేరా సార్? మా బామ్మర్ది కొడుక్కు అట్లనే చెప్పినారు గదా!" పెద్దాయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. మనుషుల విషయంలో అది నిజమే.

మనిషికి పనికొచ్చింది...

మనిషికి వచ్చే వృషణాల క్యాన్సర్ ఒక విచిత్రమైన జబ్బు. ముసలితనంలో కాదు, ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల లోపు కుర్రాళ్లకు వస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే దారి తప్పిన బీజకణాల నుంచి పుడుతుంది. అందుకే దానిలో పిండం పోలికలు కనిపిస్తాయి. కొన్ని గడ్డల్లో మాయను పోలిన కణాలు ఉంటాయి. మరికొన్నింటిలో పిండానికి తొలిరోజుల్లో ఉండే పచ్చసొన సంచిని పోలినవి ఉంటాయి. మాయను పోలిన కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారుచేస్తాయి. గర్భం వచ్చిందో లేదో చూసుకోవడానికి మందుల షాపులో కొనే కిట్టు పసిగట్టేది ఈ హార్మోన్‌నే. అంటే ఈ జబ్బున్న మగవాడి మూత్రం వేసినా ఆ కిట్టుమీద రెండు గీతలు పడొచ్చన్నమాట! ఇక పచ్చసొన సంచి కణాలు ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే మాంసకృత్తిని వదులుతాయి. 1963లో రష్యా శాస్త్రవేత్త గ్యారీ అబెలెవ్ కాలేయ గడ్డలున్న ఎలుకల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఈ రెండింటికీ ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను కలిపి డాక్టర్లు 'ట్యూమర్ మార్కర్లు' అంటారు. తెలుగులో చెప్పాలంటే గడ్డ వదిలే ఆనవాళ్లు.

వీటి విలువ జబ్బు గుర్తించడంతో అయిపోదు. ఆపరేషన్ అయ్యాక హెచ్‌సీజీ ఒకటి ఒకటిన్నర రోజుకోసారి సగానికి పడిపోవాలి. ఆల్ఫా ఫీటోప్రొటీన్‌కు అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అలా తగ్గలేదంటే గడ్డ ముక్క ఇంకెక్కడో ఉందని అర్థం. వైద్యులకు ఇంత నమ్మకమైన లెక్క చాలా క్యాన్సర్లలో దొరకదు. 1974లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ మందును వేరే మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక, ఒళ్లంతా పాకిన కేసులు కూడా నయం కావడం మొదలైంది. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో ఈ జబ్బు బయటపడింది. అప్పటికే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకింది. అయినా బతికి బట్టకట్టాడు. (తర్వాత గెలిచిన టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లను ఉత్ప్రేరకాల గొడవలో 2012లో పోగొట్టుకున్నాడు. అది వేరే కథ.)

...కుక్కకు ఎందుకు పనికిరాదు?

కుక్క సంగతి పూర్తిగా వేరు. మొదటి చిక్కు హెచ్‌సీజీ దగ్గరే. కడుపుతో ఉన్న ఆడకుక్కలో కూడా అలాంటి హార్మోన్ తయారు కాదు. మనుషుల గర్భ పరీక్ష కిట్టు దానికి పనిచెయ్యకపోవడానికి కారణమదే. కుక్క చూలు రక్తంలో తెలియాలంటే రిలాక్సిన్ అనే వేరే హార్మోన్ వెతకాలి. మాయే వదలని హార్మోన్‌ను గడ్డ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

రెండోది ఇంకా ముఖ్యం. కుక్కల్లో ఈ గడ్డలు కుర్రతనంలో రావు. ఎనిమిది, పదేళ్లు దాటాకే ఎక్కువ. పిండం పోలికలున్న గడ్డలు వాటిలో బహు అరుదు. సాధారణంగా వచ్చేవి మూడు రకాలు. వీర్యకణాలకు మూలమైన కణాల్లో వచ్చేది సెమినోమా. ఆ కణాలను పెంచి పోషించే దాది కణాల్లో వచ్చేది సెర్టోలీ గడ్డ. మగ హార్మోన్ తయారుచేసే కణాల్లో వచ్చేది లైడిగ్ గడ్డ. కుక్కల సెమినోమా కూడా కుర్రాళ్లకు వచ్చే రకం కాదు. ముసలివాళ్లలో అరుదుగా కనిపించే నెమ్మది రకానికే అది దగ్గర. ఇలాంటి గడ్డలు ఆల్ఫా ఫీటోప్రొటీన్‌ను వదలవు. ఇక ఎల్‌డీహెచ్ అంటారా, కండరం నలిగినా పెరుగుతుంది, కాలేయం చెడినా పెరుగుతుంది, తీసిన రక్తం సీసాలో చిట్లిపోయినా పెరుగుతుంది. దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

అందుకే టైగర్ రక్తాన్ని నంద్యాలలోనో కర్నూలులోనో ల్యాబుకు పంపి, 'ట్యూమర్ మార్కర్లు అన్నీ చెయ్యండి' అంటే వచ్చే కాగితంమీద అంతా నార్మల్ అనే ఉండొచ్చు. డబ్బు పోతే పోయింది, ఆ నార్మల్‌ను నమ్మి ఇంకో మూడు నెలలు గజ్జి మందు పూస్తారే, ప్రమాదం అక్కడుంది.

ఒళ్లే రిపోర్టు

మరి కుక్కకు ఆనవాళ్లే లేవా? ఉన్నాయి. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం కంటికే కనిపిస్తాయి.

సెర్టోలీ గడ్డల్లో కొన్ని ఈస్ట్రోజెన్‌ను, అంటే ఆడ హార్మోన్‌ను వదులుతాయి. పొట్టలో ఉండిపోయిన వృషణంలో వచ్చిన గడ్డ అయితే ఇది మరీ ఎక్కువ. దాంతో మగకుక్క ఒంట్లో ఆడ లక్షణాలు వస్తాయి. రెండు పక్కలా సమానంగా బొచ్చు ఊడుతుంది, దురద ఉండదు. చర్మం నల్లబడుతుంది. చన్నులు ఉబ్బుతాయి. అంగంమీది తోలు వేలాడుతుంది. ఆ తోలు కింద నుంచి వృషణాల సంచీ దాకా సన్నటి ఎర్రగీత కనిపిస్తే, అనుభవమున్న వైద్యుడు వెంటనే గడ్డను అనుమానిస్తాడు. వీధిలోని మగకుక్కలు టైగర్‌ను ఆడకుక్క అనుకోవడంలో వాటి తప్పేం లేదు. వాటి ముక్కుకు అందిన కబురు అలాంటిది.

గజ్జితో తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. గజ్జి పట్టిన కుక్క నిద్రపోదు, గోక్కుని గోక్కుని పుండు చేసుకుంటుంది. ఇంట్లో వాళ్లకూ దురద అంటించొచ్చు. హార్మోన్‌తో ఊడిన బొచ్చుకు ఆ యాతన ఉండదు. ఇదొక్కటే చూసి గడ్డ అని తేల్చెయ్యకూడదనుకోండి. థైరాయిడ్ తగ్గినా, ఎడ్రినల్ గ్రంథి ఎక్కువ పనిచేసినా బొచ్చు ఇలాగే ఊడుతుంది.

చౌకలో అయ్యే పరీక్ష ఒకటుంది. అంగంమీది తోలు లోపల దూదిపుల్లతో రుద్ది, గాజుపలకకు రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆడకుక్క ఎదకొచ్చినప్పుడు కనిపించేలాంటి గట్టిపడిన పొలుసు కణాలు మగకుక్కలో కనిపిస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కువైనట్టే. నేరుగా ఈస్ట్రడయాల్ కొలిచే రక్తపరీక్ష కంటే దీన్నే నమ్మే వైద్యులున్నారు. లక్షణాలన్నీ ఉన్నా ఈస్ట్రడయాల్ మామూలుగానే వచ్చే కుక్కలున్నాయి మరి. ఒక్కోసారి అసలు అంకె కంటే మగ హార్మోన్‌తో దాని నిష్పత్తి ముఖ్యమవుతుంది.

కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఆనవాలు ఏఎంహెచ్. సంతానం కోసం తిరిగే మహిళలకు ఈ పేరు పరిచయమే. మగ జంతువులో దీన్ని తయారుచేసేవి సెర్టోలీ కణాలే. కాబట్టి సెర్టోలీ గడ్డ ఉంటే ఇది బాగా పెరుగుతుంది. ఇంకో ఉపయోగమూ ఉంది. వీధి నుంచి తెచ్చుకున్న మగకుక్కకు బయట బీజాలు కనపడకపోతే, ఆపరేషన్ అయిందా, లేక పొట్టలో దాక్కున్నాయా అన్నది ఈ పరీక్ష తేలుస్తుంది. తీసేసిన కుక్కలో ఏఎంహెచ్ ఉండదు. అయితే కుక్కల రక్తానికి సరిపోతుందని తేలిన కిట్టుతోనే చెయ్యాలి.

ముక్కులో రక్తం ఎందుకు?

బొచ్చు ఊడితే కుక్క చావదు. చంపేది ఈస్ట్రోజెన్ చేసే ఇంకో పని. అది ఎముక మూలుగను ఎండబెడుతుంది. రక్తకణాలు పుట్టేది అక్కడే. ఎర్రకణాలు తగ్గితే చిగుళ్లు పాలిపోతాయి. తెల్లకణాలు తగ్గితే చిన్న పుండు కూడా మానదు. ప్లేట్‌లెట్లు తగ్గితే ముక్కులో, మూత్రంలో రక్తం. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అవి రెండు నుంచి అయిదు లక్షల దాకా ఉంటాయి. యాభై వేల కిందికి దిగితే కత్తి పట్టడానికి సర్జన్ వెనకాడతాడు.

మన ప్రాంతంలో దీనికి ఒక మెలిక ఉంది. కుక్కకు ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ముందు అనుమానం పిడుదుల జ్వరం మీదికి పోతుంది. అది సహజం కూడా. పిడుదులు అంటించే ఎర్లీకియా ఇక్కడి కుక్కల్లో సాధారణమే. వెంటనే డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, మూడు, నాలుగు వారాలు నడుస్తుంది. పిడుదుల జ్వరమే అయితే కుక్క కోలుకుంటుంది. గడ్డ అయితే ఆ నెల రోజులూ మూలుగ ఎండుతూనే ఉంటుంది. రెండూ కలిసి ఉన్న కుక్కలూ లేకపోలేదు. కాబట్టి ప్లేట్‌లెట్లు తగ్గిన మగకుక్కను చూసినప్పుడు చెవుల్లో పిడుదులు వెతికిన చేతితోనే బీజాలూ తడిమి చూడాలి. అర నిమిషం పని.

టైగర్‌కు ముందు చేయించాల్సినది సీబీపీ. ఏ చిన్న ల్యాబులోనైనా అవుతుంది. అయితే మనుషుల రక్తానికి సెట్ చేసిన మెషీన్ కుక్క కణాలను తప్పుగా లెక్కపెట్టొచ్చు. కాబట్టి స్లైడు కూడా చూడమని అడగాలి. తర్వాత పొట్ట స్కానింగు. దిగని వృషణం మూత్రపిండం వెనక నుంచి గజ్జల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. గడ్డయి పెరిగితే స్కానింగులో సులువుగానే దొరుకుతుంది. ఒక్కోసారి ఆ గడ్డ మెలి తిరిగి, కుక్క ఉన్నట్టుండి పొట్టనొప్పితో విలవిల్లాడుతుంది. అప్పుడిక ఆగేదేం లేదు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. దక్షిణంగా చాగలమర్రి, మైదుకూరు మీదుగా పోతే ప్రొద్దుటూరు. శ్రీవెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008లో అక్కడ కాలేజీ పెట్టారు. పొట్ట కోసి చేసే ఆపరేషన్లకు, తీసిన గడ్డ ముక్కను పరీక్షించడానికి ఇలాంటి చోట్లు మేలు. గ్రామాలకు వచ్చే సంచార వైద్యం బండి ప్రథమ చికిత్సకు, సలహాకు అక్కరకొస్తుంది కానీ ఈ పని దానిమీద కాదు.

పాకుతుందా?

పెద్దాయన భయం ఇదే. ఇక్కడ మాత్రం చల్లని కబురు ఉంది. కుక్కల్లో ఈ గడ్డలు ఎక్కువ భాగం పుట్టిన చోటే ఉంటాయి. సెర్టోలీ, సెమినోమాలు పాకడం నూటికి పది, పదిహేను లోపే. లైడిగ్ గడ్డ పాకడం దాదాపు ఉండదు. పాకితే ముందు నడుము కింద లోపలి వైపు ఉండే లింఫ్ గ్రంథులకు, తర్వాత కాలేయానికో ఊపిరితిత్తులకో పోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాకని గడ్డకు ఆపరేషనే వైద్యం, ఆపరేషన్‌తోనే సరి. రెండు వృషణాలూ తీసెయ్యాలి. ఒకే కుక్కలో రెండు మూడు రకాల గడ్డలు కలిసి ఉండటం అరుదేం కాదు. 2008లో ఇటలీ పరిశోధకులు 232 మగకుక్కల వృషణాలను పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో 27 శాతం కుక్కలకు ఏదో ఒక గడ్డ ఉంది. చాలావాటికి అది ఉన్నట్టు ఇంట్లో వాళ్లకు తెలియనే తెలియదు.

ఆపరేషన్ తర్వాత ఒళ్లు మళ్లీ రిపోర్టు ఇస్తుంది. కొన్ని వారాల్లో చన్నులు తగ్గుతాయి. కొన్ని నెలల్లో బొచ్చు వస్తుంది. దూదిపుల్ల పరీక్షలో పొలుసు కణాలు మాయమవుతాయి. తగ్గిన లక్షణాలు కొన్నాళ్లకు మళ్లీ కనిపిస్తే గడ్డ ఇంకెక్కడో పాకిందని అనుమానించాలి. హెచ్‌సీజీ మనిషికి చేసే పనిని కుక్కకు దాని చర్మం చేస్తుందన్నమాట. పాకిన వాటికి సిస్‌ప్లాటిన్ వాడిన సందర్భాలున్నా, అవి కొద్దే. (అదే మందు పిల్లికి ఇస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోతుంది. ఒక జంతువు మందు ఇంకో జంతువుకు వెయ్యకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.)

మూలుగ ఎండిపోయిన కుక్క సంగతి మాత్రం ముందే చెప్పలేం. రక్తం ఎక్కించి, ఇన్ఫెక్షన్లు రాకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి ఆపరేషన్ చేసినా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొన్ని అసలు కోలుకోవు. గడ్డ పాకకపోయినా, క్యాన్సర్ లెక్కలో మంచి రకమే అయినా కుక్క పోతుంది. ఆలస్యానికి చెల్లించే ధర అది.

ఇక్కడ ఇంకో జబ్బుతో కలగాపులగం చేసుకోకూడదు. వీధికుక్కల్లో అంగంమీద కాలీఫ్లవర్‌లా పెరిగి, రక్తం కారే గడ్డ ఒకటి వస్తుంది. అది జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్. వృషణాలతో దానికి సంబంధం లేదు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలావరకు కరిగిపోతుంది. ఆ మందు వచ్చింది మన ఇళ్ల ముందు పూసే బిళ్ల గన్నేరు మొక్క నుంచే.

రెండు నెలలకే లెక్క తేలుతుంది

మగ కుక్కపిల్లకు రెండు నెలలు నిండేసరికి రెండు బీజాలూ సంచిలోకి దిగాలి. ఆరు నెలలకూ దిగలేదంటే ఇక దిగవు. దిగని బీజంలో గడ్డ వచ్చే ముప్పు మామూలు కంటే సుమారు 13 రెట్లు ఎక్కువని 1970లలో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఎక్కువగా దిగకుండా పోయేది కుడిది. పొమరేనియన్, పూడిల్ లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. జర్మన్ షెపర్డ్, బాక్సర్‌లలోనూ ఉంది. అలాంటి పిల్లకు ఏడాది, రెండేళ్ల లోపే ఆపరేషన్ చేయించేస్తే పదేళ్ల తర్వాత రావాల్సిన గడ్డకు చోటే ఉండదు.

చేయించరు. మగకుక్కకు బీజాలు తీయించడమంటే మనవాళ్లకు మనసొప్పదు. విచిత్రమేమిటంటే, కోడెకు బీజాలు నొక్కించి ఎద్దును చెయ్యడం నంద్యాల రైతుకు తాతల నాటి పని. దాన్ని పాపమని ఎవరూ అనలేదు. కాపలా కుక్క దగ్గరికొచ్చేసరికి 'పౌరుషం పోతుంది సార్' అంటారు. పదేళ్లు వచ్చాక ఆ పౌరుషమే టైగర్‌ను వీధికుక్కల ముందు ఏం చేసిందో చూశాం.

రెండు బీజాలూ దిగిన కుక్కకు కూడా ఆపరేషన్ చేయించి తీరాలా అంటే, అంత తొందర లేదు. పెద్ద జాతుల్లో మరీ చిన్నప్పుడు చేస్తే కీళ్ల సమస్యలు పెరుగుతాయని 2013 నుంచి వస్తున్న అధ్యయనాలు చెబుతున్నాయి. పశువైద్యుడితో మాట్లాడి వయసు నిర్ణయించుకోవచ్చు. తీయించకపోతే ఆరేళ్లు దాటాక నెలకోసారి స్నానం చేయించేటప్పుడు తడిమి చూడాలి. ఒకటి పెద్దదై రెండోది కుంచించుకుపోయిందంటే ఆ పెద్దదాన్నే అనుమానించాలి. హార్మోన్ వదిలే గడ్డ రెండోదాన్ని ఎండబెడుతుంది.

అన్నట్టు, కుక్కల బీజాలను లెక్కపెట్టడం మనుషులకూ పనికొచ్చింది. వియత్నాం యుద్ధంలో పనిచేసిన అమెరికా సైనిక కుక్కల్లో సెమినోమాలు ఎక్కువగా ఉన్నాయని 1990లో ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడ చల్లిన రసాయనాలు, వాడిన మందులు సైనికులకేం చేశాయన్న చర్చలోకి ఆ కుక్కలూ వచ్చాయి.

టైగర్ దగ్గరికి వద్దాం. ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉంటే రేపోమాపో ఆపరేషన్. ఇరవై వేలుంటే ముందు రక్తమిచ్చే కుక్కను వెతకాలి. అయితే పెద్దాయనను వైద్యుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఒక బీజం దిగకపోయినా కుక్కకు పిల్లలు పుడతాయి. ఈ లోపం వంశంలో దిగుతుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ. 'మంచి జాతి కుక్క' అని టైగర్‌ను జతకు ఎన్నిసార్లు అడిగారో, ఆ పిల్లలు శిరివెళ్లలో, రుద్రవరంలో, కోవెలకుంట్లలో ఎవరెవరి వాకిట్లో ఉన్నాయో గుర్తున్నంతవరకు రాసుకోవాలి. వాటిలో మగవాటిని ఒక్కొక్కదాన్నే ఎత్తి చూడాలి.